అవ్వకూ మనవడికీ డైలాగులెందుకు?

ఏప్రిల్ 16 దగ్గర పడుతోందంటే శాలువాలు సిద్ధమవుతాయి. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజును తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం మనకు అలవాటైంది. ఆ రోజు వేదికెక్కినవారు నాటకం చచ్చిపోతోందని కాసేపు దిగులుపడతారు, మంచి డైలాగులు రాసేవాళ్లు కరువయ్యారని తేలుస్తారు, సన్మానం చేయించుకుని దిగిపోతారు. 1946లో అదే ఏప్రిల్ 16న నటుడు బళ్లారి రాఘవ కన్నుమూశారన్న సంగతి ఆ సభల్లో అరుదుగా వినిపిస్తుంది. వినిపించకపోవడమే ఆ వక్తలకు మేలు. పద్యాన్ని రాగంతో సాగదీయడం తగ్గించి అభినయానికి పీట వేయాలని పట్టుబట్టిన మనిషి ఆయన. ఇవాళ ఉండుంటే, కరువు మాటలకు కాదు, అవి మానుకోగల ధైర్యానికని ముఖం మీదే అనేవారేమో.

ఈ వారం నా గొడవ కూడా అదే. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నాటకం మళ్లీ లేచి నిలబడాలంటే మాటల్లేని మాస్కు నాటకం రావాలి. అదీ ముసలివాళ్లకూ పిల్లలకూ మధ్య నడిచే స్నేహం మీద రావాలి. ఇది గాల్లో మేడ కాదు. ఇంగ్లండ్‌లో వామోస్ అనే నాటక సంస్థ ‘ఫైండింగ్ జాయ్’ ప్రదర్శిస్తూ ఊరూరా తిరిగింది. మతిమరుపు ముదురుతున్న ముసలమ్మ, ఆమెను చూసుకునే కుర్ర మనవడు, కథంతా అంతే. ముఖాలకు నిండు మాస్కులు, నోటి నుంచి ఒక్క మాట లేదు. జర్మనీకి చెందిన ఫామిలీ ఫ్లోజ్ బృందం ‘ఇన్ఫినిటా’లో పసితనాన్నీ ముసలితనాన్నీ పక్కపక్కన పెట్టి నవ్వించింది. స్పెయిన్ వాళ్ల కులుంకా బృందం మతి తప్పుతున్న భార్య, ఆమె భర్త, వాళ్ల కొడుకు కథతో దేశదేశాలు తిరిగింది, అనువాదకుడి అవసరం లేకుండానే. మాస్కు కదలదు, రెప్ప వేయదు. అయినా తల కాస్త వాలితే అందులో దిగులు కనిపిస్తుంది, కాస్త లేస్తే ఆశ కనిపిస్తుంది. ఆ ముఖంలో లేని భావాన్ని చూసేవాడే తెచ్చి అక్కడ పెడతాడు. నటుడికి మిగిలేవి మెడ, భుజాలు, చేతులు, ఊపిరి. ఇరవై ఏళ్ల కుర్రాడు ఎనభై ఏళ్ల అవ్వ కాగలడు, అరవై దాటినాయన ఆరేళ్ల పిల్లాడు కాగలడు. వయసు అడ్డు తొలగించడం గురించి చెప్పే కథను, వయసు అడ్డు లేని నటులే ఆడతారన్నమాట.

ఆదోని, ఎమ్మిగనూరు ఉన్న ఈ పడమటి కర్నూలుకే ఎందుకంటారా? పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాయంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని పల్లెల్లో ఒళ్లు వంచగలిగిన వాళ్లంతా సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతారు. కొందరు గుంటూరు మిరప చేలకు, కొందరు తెలంగాణ పత్తి చేలకు. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు పోతుంది. వదిలేసి పోతే వాళ్లు అవ్వాతాతల పాలవుతారు. నెలల తరబడి ఆ ఇళ్లలో నడి తరం ఉండదు. కట్టెలేరుకొచ్చేది మనవరాలు, జొన్నరొట్టె కాల్చేది అవ్వ, ఏ పూట ఏ రంగు మాత్రో గుర్తుపెట్టుకునేది మనవడు, చీకటి పడ్డాక గడియ పెట్టేది తాత. వాళ్లు కూర్చుని తరాల అంతరం గురించి చర్చించుకోరు. ఒకరు వదిలిన పనిని ఇంకొకరు అందుకుంటారు. ఆ స్నేహమంతా చేతుల్లోనే ఉంటుంది. దాన్ని డైలాగుల్లోకి దించిన మరుక్షణం అది అబద్ధమైపోతుంది.

అబద్ధం ఎలా ఉంటుందో మన పరిషత్తు పోటీల నాటకాల్లో కావలసినంత చూడొచ్చు. ముసలాయన కళ్లనిండా నీళ్లు, కొడుకు అమెరికాలో, కోడలు రాక్షసి, వెనక తెర మీద వృద్ధాశ్రమం గేటు, ఆఖర్న పది నిమిషాల ఉపన్యాసం. మనవడంటూ ఉంటే సెల్‌ఫోన్ పట్టుకుని ఓ మూల కూర్చుంటాడు, చివర్లో బుద్ధి తెచ్చుకుంటాడు. ముసలితనమంటే ఫిర్యాదు, బాల్యమంటే మందలింపు, రెంటికీ మధ్య స్నేహమన్న ఊసే ఉండదు. ఇక ఆ మైకులు! వేదిక మీద నాలుగు వేలాడదీస్తారు, పాత్రలన్నీ వాటి కిందే గుమిగూడతాయి. తండ్రి ప్రాణం పోతున్నా కొడుకు ముందు మైకు కిందికి పరుగెత్తాలి, ఆ తర్వాతే ఏడవాలి. పక్క మైకు కింద ఉన్నవాడు తన వంతు వచ్చేదాకా గుడ్లప్పగించి చూస్తుంటాడు. వింటున్నప్పుడు మనిషి ముఖం, ఒళ్లు ఎలా ఉంటాయో మన నటులకు నేర్పినవారు తక్కువ. బహుమతి కూడా మాటలు అప్పజెప్పినవాడికే గనక, నేర్చుకునే అవసరమూ వాళ్లకు రాదు. మైకులు లేకుండా ఒక్క ఏడాది పోటీలు పెట్టి చూస్తే మన నటన ఎంతో, మన గొంతు ఎంతో విడివిడిగా తేలిపోతుంది.

మాస్కు మనది కాదు, విదేశీ సరుకు అనేవాళ్లుంటారు. జార్ఖండ్‌లోని సెరైకెల్లా ఛౌ నృత్యంలో నర్తకుడు మాస్కు తొడుక్కునే ఆడతాడు, వాద్యాలే తప్ప అతని నోట మాట ఉండదు. తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఇప్పటికీ తెలుగులోనే ఆడే ప్రహ్లాద చరిత్రం నాటకంలో నరసింహుడి ముఖాన్ని పూజ చేసి మరీ తొడుగుతారు. ఊరేగింపుల్లో బుట్టబొమ్మలు, పీర్ల పండుగకు పులి వేషాలు రాయలసీమ పిల్లలకు కొత్త కాదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన నాటి నుంచీ నూలుకూ గుడ్డకూ కొదవ లేదు. పాత గుడ్డ, చిత్తు కాగితం, చింతగింజల జిగురు ఉంటే మాస్కు తయారవుతుంది, నాటకాల వాళ్లు అద్దెకు తెచ్చే కిరీటం కంటే చౌకగానే పడుతుంది. మాటల్లేకపోతే తెలుగువాడు చూడడనేవాళ్లకు జవాబు సింగీతం శ్రీనివాసరావు 1987లోనే ఇచ్చారు. మాటల్లేని ఆయన సినిమా ‘పుష్పక విమానం’ చూసి డైలాగులేవని ఎవరూ టికెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. తెలుగు నాటకానికి పద్యమే ప్రాణం, ఈ ప్రాంతపు వారసత్వమే అది, దాన్ని కాదంటారా అని. ఆదోని 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోదే, కాబట్టి బళ్లారి నాటక వారసత్వం మీద దానికీ హక్కుంది. కానీ ఆ వారసత్వం ఒక్క గొంతుతో లేదు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం కృష్ణమాచార్యులు రంగస్థలానికి పాటనూ పద్యాన్నీ తెచ్చారు. ఆయన మేనల్లుడు రాఘవ ఆ పాట మోతాదు తగ్గించారు. మేనమామ పెట్టింది మేనల్లుడు మార్చాడు, నాటకం ముందుకు నడిచింది. పద్యం ఆడేవాళ్లు హాయిగా ఆడుకోవచ్చు. అదొక్కటే దారి అనడంతోనే పేచీ. పైగా ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి నడుస్తాయి. పల్లెల్లో ఆరుబయట ఆడే కన్నడ బయలాట చూసినవాళ్లున్నారు. 2011 లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం, ఆడవాళ్లలో అది 50 దాటలేదు. చెవులు మందగించిన అవ్వకూ, బడిలో ఒక భాష ఇంట్లో ఇంకో భాష ఉన్న పిల్లకూ ఒకేసారి అర్థమయ్యే నాటకం ఏదో పద్యాభిమానులే చెప్పాలి.

నిజంగా తడబాటు కలిగించే ప్రశ్న వేరే ఉంది. వలసను మాటల్లేని అందమైన బొమ్మగా చూపిస్తే పేదవాడి మౌనాన్ని అలంకరించినట్టు కాదా? కాళ్లకు చెప్పుల్లేని పిల్లను చూసి ప్రేక్షకులు కళ్లు తుడుచుకుని ఇంటికి పోతే లాభమేమిటి? ఆ ప్రమాదం ఉంది, కాదనను. అయితే కోడల్ని తిట్టించే నాటకం చూసినవాడూ తృప్తిగానే ఇంటికి పోతున్నాడు, దోషి రంగస్థలం మీదే దొరికిపోయాడు గనక. మాస్కు నాటకంలో దోషి దొరకడు. అమ్మానాన్నలు ఎందుకు లేరన్న ప్రశ్న చూసేవాడి ఒళ్లో పడుతుంది. జవాబు కోసం అతను బయట వెతుక్కోవాలి.

బయట జవాబు సులువుగానే దొరుకుతుంది. తుంగభద్ర ఎగువనే ఉంది, దిగువ కాలువ ఈ మండలాల మీదుగానే పోతుంది, చివరి పొలాలకు నీళ్లు మాత్రం ఎప్పుడూ అనుమానమే. 2024 ఆగస్టు 10న డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే గానీ పాతబడ్డ గేట్ల సంగతి పెద్దలకు పట్టలేదు. ఇక రాష్ట్రం ముసలిదైపోతోందని, పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు చెబుతున్నారు. సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిన మాట నిజమే. కానీ ఇక్కడ పుట్టిన పిల్లల్ని ఏటా కొన్ని నెలలు పెంచుతున్నది ఆ ముసలివాళ్లే. నెలకు 4,000 రూపాయల పింఛనులో మనవళ్ల తిండి కూడా కలిసిపోతోంది. సర్కారు దస్త్రాల్లో అవ్వ లబ్ధిదారు, పిల్ల డ్రాపౌట్. ఇద్దరూ ఒకే గడప లోపల ఉన్నారని గుర్తించే కాలమ్ ఏ దస్త్రంలోనూ లేదు. వలస కూలీల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, సంతోషం. అవి దసరా సెలవులు ముగిసిన రోజే తెరుచుకోవాలి. కూలీల లారీలు పల్లె దాటాక తెరిస్తే పిల్లలు లారీల్లోనే ఉంటారు. ఆ హాస్టల్లో రాత్రి పూట అవ్వాతాతలకూ ఓ కంచం పెట్టాలి. నిబంధనలు ఒప్పుకోవంటారా? సన్మానాలకు జీవోలు వస్తున్నాయి కదా, దీనికీ ఒకటి ఇవ్వండి.