పస్తు ఉంచడం వైద్యం కాదు

"నెలలో పది కిలోలు తగ్గిస్తాం" అంటూ రోజుకు 800 క్యాలరీల డైట్ చార్టును చేతిలో పెట్టేవారు నానాటికీ పెరుగుతున్నారు. వయసెంత, ఎత్తెంత, చేసే పనేమిటి, వాడే మందులేమిటి అని అడగరు. రోజంతా నిలబడి పనిచేసే నర్సుకూ, కుర్చీలో కూర్చునే గుమాస్తాకూ ఒకే చార్టు! దీనిని వైద్యమని ఎలా అనగలం?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క చూడండి. కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు సుమారు 2,110 క్యాలరీలు, 55 కిలోల స్త్రీకి 1,660 కావాలి. ఆమెది ఓ మోస్తరు శ్రమ అయితే 2,130. అందులో సగమైనా ఇవ్వకపోవడం పస్తు ఉంచడమే.

పస్తు ఏం చేస్తుందో 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ పరిశీలించారు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1,570 క్యాలరీలు ఇచ్చారు. మన చార్టుకు ఇది ఇంచుమించు రెట్టింపు! అయినా బరువులో నాలుగో వంతు పోయింది. దానితోపాటు కండ కరిగింది. నీరసం, దిగులు, చిరాకు ఆవరించాయి. నిరంతరం తిండి ధ్యాసే. ఆంక్షలు తొలగించాక చాలామందికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని మధుమేహ మాత్రలు యథాప్రకారం వేసుకుంటూ ఇటువంటి చార్టు పాటించారు. ఒక తెల్లవారుజామున రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పారు. ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో, ఎంపిక చేసిన రోగులకు ఇచ్చే అతి తక్కువ క్యాలరీల ఆహారం వేరు; డబ్బు పుచ్చుకుని అందరికీ పంచే చార్టు వేరు.

మరి మార్గమేమిటి? మీ అవసరంలో 300 నుంచి 500 క్యాలరీలు తగ్గించండి. అది కష్టమేమీ కాదు. నాలుగు కప్పుల టీలో రెండేసి చెంచాల పంచదార మానితే సుమారు 160. మీ వాటా నూనెలో మూడు చెంచాలు తగ్గిస్తే మరో 135. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తగ్గించకండి. కండను నిలిపేవి అవే. రోజూ నడవండి. వారానికి అరకిలో లోపు తగ్గితే చాలు.

తగ్గిన శరీరానికి మునుపటికన్నా తక్కువ ఆహారం సరిపోతుంది. పాత తిండికి మళ్లితే పాత బరువూ తిరిగి వస్తుంది. కనుక చార్టు ఇచ్చేవారిని ఒక్క ప్రశ్న అడగండి: "బరువు తగ్గాక, జీవితాంతం నేను ఏం తినాలి?" జవాబు రాకపోతే, మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.