కెమెరా ముందు చూపు

భద్రతా సూచనల వీడియోలో మాట్లాడిన బీర్‌గావ్ సహోద్యోగి ఒకరు, తమ మాటను కార్మికులు పట్టించుకొనుట లేదని వాపోయారు. వీడియో చూడగా లోపం మాటలో లేదు, చూపులో ఉన్నది. బల్లపై కాగితం కొరకు కళ్లు మాటిమాటికీ దించుచున్నారు.

1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి టెలిప్రాంప్టర్ లేదు. వార్తలు కంఠస్థం చేసి, కెమెరా వైపే చూస్తూ చెప్పేవారు. ప్రేక్షకునికి తనతోనే మాట్లాడుచున్నట్లు తోచేది.

కెమెరాను కంటి ఎత్తున నిలపండి. క్రిందినుండి చిత్రిస్తే మనిషి ఘనంగా కనిపించుట నిజమే. 1941 నాటి 'సిటిజన్ కేన్' కొరకు ఆర్సన్ వెల్స్ నేల తవ్వించి మరీ కెమెరాను దించారు. హెల్మెట్ ధరించమని చెప్పువారికి అంత ఘనత ఎందుకు? ముఖ్యమైన మూడు వాక్యాలు మాత్రం కంఠస్థం చేసి, లెన్సులోకి చూసి చెప్పండి. తక్కినవి కాగితం చూసి చదివినా ఫరవాలేదు.