హోటలులో అమ్మను వెదికేవారికి

"అసలు సిసలు ఇంటి భోజనం", "అమ్మ చేతి వంట", "బామ్మగారి రుచులు" - మా వీధి మలుపు నుంచి బస్టాండు దాకా నడిచేలోపు ఇటువంటి పలకలు ఆరు కనిపిస్తాయి. పలక కట్టినవారిపై నాకు ఫిర్యాదు లేదు. వారిది వ్యాపారం. ఆ పలక చూసి ఆశగా లోపలికి వెళ్ళి, తిని, బయటకు వచ్చి "ఇంటి రుచి లేదు" అని పెదవి విరిచే మనపైనే నా అభియోగం. ఇంట్లో చేజేతులా పోగొట్టుకున్నదాన్ని అంగట్లో వెదకడం, దొరకకపోతే అంగడివాణ్ణి నిందించడం మనకు అలవాటైపోయింది. 'మనకు' అన్నాను గనుక ముందు నా తప్పే చెప్పుకుంటాను.

2023 సంక్రాంతికి మా అబ్బాయి విదేశం నుంచి పిల్లలతో వచ్చాడు. "నాన్నగారూ, అమ్మ చేసే ఆవపులిహోర దొరికే హోటలేదైనా ఉందా? పిల్లలకు ఒక్కసారి రుచి చూపించాలి" అన్నాడు. వాళ్ళమ్మ 2019లో వెళ్ళిపోయింది. ఆమెకు ఆ వంటకం మా అమ్మ నేర్పింది. నేను పెద్ద జ్ఞానినిలా ముందు నడిచి రెండు రోజుల్లో మూడు హోటళ్ళు తిప్పాను. ఒకచోట వేరుశనగగుళ్ళు దండిగా వేసిన నిమ్మకాయ అన్నానికి పులిహోర అని పేరు పెట్టారు. రెండోచోట పంచదార తగిలింది. మూడోచోట జీడిపప్పు ఉంది, రంగు ఉంది, ఆవ లేదు. మా మనవరాలు ఆకు ముందు కూర్చుని, "తాతయ్యా, మరి నాన్నమ్మ ఎలా చేసేది?" అని అడిగింది.

ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు గణవిభజన చెప్పినవాణ్ణి. ఏ పద్యపాదంలో యతి తప్పిందో నిద్రలో అడిగినా చెప్పగలను. ఆ పసిదాని ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మా అమ్మ చేతా, తర్వాత నా భార్య చేతా అరవై ఏళ్ళు ఆ పులిహోర తిన్నాను. ప్రతిసారీ పొగిడాను. ఎలా చేస్తారని ఒక్కసారీ అడగలేదు.

అసలు ఈ "చేతి మహిమ" అన్న పొగడ్తనే నేను అనుమానిస్తున్నాను. రుచి చేతిలో ఉందంటే, ఆ చెయ్యి మనది కాదు గనుక మనం నేర్చుకోవలసిన పని తప్పుతుంది. వండిన మనిషికి బుద్ధి ఉందని, ఏళ్ళ తరబడి గమనించి కూడబెట్టిన శాస్త్రం ఉందని ఒప్పుకోవలసిన పనీ తప్పుతుంది. చేతికి దండం పెట్టి తలను మరచిపోయాం.

ఆవ సంగతే చూడండి. ఆవగింజ గింజగా ఉన్నంతసేపు ఘాటుండదు. నూరి, తడి తగిలినప్పుడు దానిలోని ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుంది. మితిమీరిన వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటూ ఆవిరై పోతుంది. అందుకే పలుకుగా వార్చిన అన్నాన్ని పళ్ళెంలో పరచి, వేడిమీదనే పసుపు, నువ్వులనూనె, కరివేపాకు కలుపుతారు. పచ్చిమిరపకాయలతో ఉడికించిన చింతపండు పులుసూ అప్పుడే పడుతుంది. ఆవముద్ద మాత్రం అన్నం చల్లారిన తరువాతే. మా అమ్మ ఏ ప్రయోగశాల గుమ్మమూ తొక్కలేదు, కాని ఈ క్రమం ఆమెకు తెలుసు. దీన్ని చేతివాటం అనడం ఆ మనిషిని తక్కువ చేయడమే.

"వంట ఆడవారి పని, మగవాడికి తెలియకపోవడంలో వింతేముంది?" అనే పెద్దలకు ఒక మాట. మంచి వంటను నలభీమపాకం అంటాం. నలుడు మగవాడు, భీముడు మగవాడు. పాకదర్పణం అనే సంస్కృత గ్రంథం నలుని పేరనే ఉంది. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం రచిస్తూ అన్నభోగానికి ప్రత్యేకంగా చోటిచ్చి, ఏ వంటకం ఎలా చేయాలో వివరించాడు. సింహాసనం మీది రాజుకు లేని నామోషీ పింఛనుతో బతికే మనకెందుకు?

ఇక "ఇంటి భోజనం" అన్న మాట. మన సాహిత్యంలో అంగడికూడు కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం వరస ఉంది: మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఆ కవి దాన్ని మెచ్చుకున్నాడే గాని అందులో తన తల్లిని వెదకలేదు. పూటకూళ్ళ ఇల్లు నిజంగా ఒకరి ఇల్లే. వారి ఇంట్లో వండినదే వడ్డించేవారు, డబ్బు తీసుకునేవారు. గురజాడవారి కన్యాశుల్కంలో (తొలి ముద్రణ 1897) పూటకూళ్ళమ్మ కూడు తిని ఆమె సొమ్మే ఎగవేసిన గిరీశం మనకు తెలుసు. తిన్న చేతికి ఏమీ తిరిగి ఇవ్వకుండా లేచిపోయిన నాబోటివాళ్ళకూ గిరీశానికీ ఉన్న తేడా నాకు అంతగా కనిపించడం లేదు.

అయినా ఏ ఇల్లు? ఉగ్గాణి, రాగిసంగటి తినే అనంతపురం ఇల్లా? సర్వపిండి, సకినాలు చేసే తెలంగాణ ఇల్లా? పులుసులో బెల్లం పడనిదే తోచని విజయనగరం ఇల్లా? గోంగూరలో వెల్లుల్లి లేకపోతే ముద్ద దిగని గుంటూరు ఇల్లా? ఒక్క వీధిలోనే ఏ రెండిళ్ళ చారూ ఒకలా ఉండదు. అన్నిటినీ కలిపి ఒక పళ్ళెంలో "మీల్స్" అని పెడితే అది ఎవరి ఇంటిదీ కాదు.

"అసలు సిసలు" అనే మాటా అంతే. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి వెంట 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. 1503లో పరమపదించిన అన్నమయ్య ఎర్రని ఆవకాయ తిని ఉంటాడని నేను అనుకోను. టమాటా అంతకన్నా తరువాత వచ్చింది. కనుక వంట మారకూడదని నేననడం లేదు. మారిందో లేదో పోల్చి చూసుకోవడానికైనా మన ఇంటి పాఠం ఒకటి మన దగ్గర ఉండాలి కదా, అది లేదని నా బాధ.

హోటలుది హోటలు ధర్మం. నూరుమంది వస్తారు, పదినిమిషాల్లో ఆకు ముందు అన్నీ ఉండాలి. అందుకే ఉల్లిపాయ, టమాటా వేయించి పెద్ద గిన్నెలో ముందే సిద్ధంచేసి పెట్టుకుంటారు. ఏ కూరకైనా మూలం అదే. అది మోసం కాదు, నిర్వాహం. కాబట్టి హోటలును ఎంచుకునేటప్పుడు ఇల్లు చేయలేనిదేమిటో అడగండి. కాల్చిన పెనం మీద పొద్దుటి నుంచి ఎడతెగకుండా పడే పెసరట్టు అక్కడ బాగుంటుంది. భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపే హైదరాబాదు హలీము ఇంటి పొయ్యికి లొంగదు. నేను శాకాహారిని గనుక తినను, కాని దానికి 2010లో భౌగోళిక గుర్తింపు రావడం న్యాయమే అంటాను. 2023లో అదే గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకును కుండ మీద తీయడానికి చెయ్యి ఎంత సాధన చేయాలో ఒక్కసారి ప్రయత్నించిన వారికి తెలుస్తుంది. ఇటువంటివాటి కోసం బయటికి వెళదాం, డబ్బిద్దాం, మెచ్చుకుందాం.

నా పద్ధతి చెబుతాను. వంటకాల పట్టిక పొట్టిగా ఉన్నచోటికి వెళతాను, ఎందుకంటే నూటయాభై వంటకాలు తాజాగా చేయడం ఎవరి తరమూ కాదు. రోజూ వచ్చే ఉద్యోగులు, ఆటోవాళ్ళు తింటున్నారా అని చూస్తాను. మొదట చారు, పెరుగు రుచి చూస్తాను, ఎందుకంటే వాటిలో మసాలా వెనుక దాక్కోవడానికి చోటుండదు. మరిగిన నూనె వాసన వస్తే లేచిపోతాను. వేపుడు నూనెను ఎంతవరకు తిరిగి వాడవచ్చో 2018 జూలై నుంచి నియమమే ఉంది, అయినా దాన్ని ముందు పట్టేది మన ముక్కే. పలక మీద అమ్మ పేరుందా, బామ్మ పేరుందా అన్నది నా పరీక్షలో లేదు.

ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. "ఆడవారు ఇప్పుడిప్పుడే పొయ్యి దగ్గర నుంచి లేస్తున్నారు, వాళ్ళను మళ్ళీ కూర్చోబెడతావా?" అంటారు. కాదు. వారు లేచిన పీట మీద మనం కూర్చోవాలంటున్నాను. భార్యకు విశ్రాంతి దొరుకుతుందని హోటలుకు తీసుకువెళ్ళేవాడు మంచివాడే. ఆమె దగ్గర నాలుగు వంటలు నేర్చుకున్నవాడు ఇంకా మంచివాడు.

మరొక ఆక్షేపణ: "వంట రాస్తే వచ్చేది కాదు, అంతా అందాజు." అందాజు కూడా కొలతే. ఆ కొలత కంటిలో ఉంది, కాగితం మీద లేదు, అంతే తేడా. మా అమ్మ కాలంలో గిద్దె, సోల, తవ్వ ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ. ఆమె "అరసోల చింతపండు పులుసు" అంటే అది నిక్కచ్చి లెక్క. ఆ పాత్ర అటక మీదికి పోయాక ఆ లెక్కా పోయింది. తమిళనాట మీనాక్షి అమ్మాళ్ 1951లో తన వంటల పుస్తకం వెలువరించింది. మన మాలతీ చందూర్ గారి వంటలు-పిండివంటలు ఎన్ని ముద్రణలు పొందిందో చదువరులకు తెలుసు. రాస్తే రాదనే మాట నిజమైతే వాటిని అన్ని ఇళ్ళు ఎందుకు కొన్నాయి?

అబ్బాయి తిరిగి వెళ్ళిపోయాక నా భార్య పచారీ పద్దుల పుస్తకం తీశాను. నెల నెలా కందిపప్పు, నూనె, పాలవాడి బాకీ. ఒక ఉగాది నెల పేజీ అంచున చిన్న అక్షరాలతో "ఆవ - ఉప్పుతో నూరి - చల్లారాక" అని ఉంది. ఎవరికోసం రాసుకుందో తెలియదు. కొలతలు లేవు. మొదటిసారి చేదొచ్చింది. రెండోసారి అన్నం ముద్దయింది. అయిదోసారికి తినగలిగేలా వచ్చింది. ఆమె చేసినట్లు వచ్చిందని చెప్పను. కొలతలన్నీ గ్రాముల్లో రాసి అబ్బాయికి పంపాను. ఈసారి వచ్చినప్పుడు మనవరాలి ప్రశ్నకు సగం జవాబైనా నా దగ్గర ఉంటుంది.

మీలో ఎవరి అమ్మగారు, అత్తగారు, అక్కగారు ఇంకా ఉన్నారో వారికి నా మనవి. ఈ ఆదివారం హోటలుకు పోకండి. ఒక నోటుపుస్తకం, ఒక తక్కెడ పట్టుకుని వంటింట్లో పీట వేసుకోండి. ఆమె పిడికిట్లోది గిన్నెలో పడకముందే తక్కెడలో పోయించండి. విసుక్కుంటుంది, "ఇదేం పిచ్చిరా" అంటుంది. అననివ్వండి. ఎందుకు ఇప్పుడే వేశావని ప్రతిదానికీ అడగండి. వచ్చే ఆదివారం మీరు వండి ఆమెకు వడ్డించండి.