భర్తకు లేదు... భార్యకు ఉంది!

ఇంగ్లాండ్‌లోని క్రౌటన్‌లో ఓ వైమానిక స్థావరం ఉంది. అందులో పనిచేసేది అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు. 2019 ఆగస్టు 27 రాత్రి ఆ స్థావరం నుంచి ఓ కారు బయటికొచ్చింది. నడుపుతున్నది అక్కడి ఉద్యోగి భార్య. బ్రిటన్‌లోనూ మనలాగే బండ్లు ఎడమవైపు వెళ్లాలి. ఆమె అమెరికాలోలాగా కుడివైపు పోనిచ్చింది. ఎదురుగా మోటార్‌సైకిల్ మీద వస్తున్న 19 ఏళ్ల కుర్రాడు ఆ కారు తగిలి చనిపోయాడు. కొద్దిరోజులకే ఆమె కుటుంబంతో సహా విమానమెక్కి అమెరికా వెళ్లిపోయింది. పోలీసులు చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది.

కారణం 1961 నాటి వియన్నా ఒప్పందం. దౌత్యాధికారిని, అతను పనిచేస్తున్న దేశం అరెస్టు చేయకూడదు. క్రిమినల్ కేసులో విచారించకూడదు. ఎంబసీలోని ఆఫీసు సిబ్బందికి, సాంకేతిక సిబ్బందికి, వాళ్లతో ఉండే కుటుంబసభ్యులకు కూడా క్రిమినల్ కేసుల్లో ఇదే రక్షణ. ఇదేం న్యాయం అనిపిస్తుంది కానీ, ఇది లేకపోతే రెండు దేశాలకు చెడినప్పుడల్లా ఎంబసీ ఉద్యోగుల మీద ఏదో ఒక కేసు పడుతుంది.

క్రౌటన్‌లో తిరకాసు వేరే ఉంది. అక్కడి సిబ్బంది డ్యూటీతో సంబంధంలేని నేరం చేస్తే ఈ రక్షణ వర్తించదని 1995లోనే రెండు ప్రభుత్వాలూ రాసుకున్నాయి. కుటుంబసభ్యుల ఊసు మాత్రం ఎత్తలేదు. అంటే ఆ రాత్రి కారు నడిపింది భర్తే అయితే బ్రిటన్ కోర్టు బోనెక్కాల్సిందే. నడిపింది భార్య కాబట్టి అక్కర్లేదు! 2020లో అక్కడి హైకోర్టు కూడా ఆమెకు రక్షణ ఉన్నట్టేనని తేల్చింది.

నిజానికి ఈ రక్షణ ఉద్యోగి సొంత ఆస్తి కాదు, పంపిన ప్రభుత్వానిది. కావాలనుకుంటే ప్రభుత్వం దాన్ని వదులుకోవచ్చు. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దేశపు దౌత్యాధికారి ఒకరు తాగి కారు నడిపి 16 ఏళ్ల అమ్మాయి మరణానికి కారణమయ్యాడు. అమెరికా అడిగితే జార్జియా రక్షణ వదులుకుంది. అతనికి జైలు శిక్ష పడింది. అదే అమెరికా, క్రౌటన్ కేసులో ఆమెను అప్పగించమని బ్రిటన్ అడిగితే 2020 జనవరిలో కుదరదంది. కుర్రాడి తల్లిదండ్రులు పట్టు వదల్లేదు. ఆ ఏడాది జులైలో ఒప్పందంలోని లొసుగును సరిదిద్దారు. 2022లో ఆమె నేరం ఒప్పుకుంది. 8 నెలల శిక్ష పడింది, అదీ సస్పెండ్ చేసి. తీర్పు వినడానికి ఆమె లండన్ రాలేదు, అమెరికా నుంచి వీడియోలో కనిపించింది.

కాన్సులేట్ ఉద్యోగులకైతే ఇంత రక్షణ లేదు. వాళ్లకు 1963 నాటి మరో ఒప్పందం ఉంది. అది ప్రధానంగా ఆఫీసు పనులకే. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను పనిమనిషి వీసా, జీతం వ్యవహారంలో అరెస్టు చేసింది అందుకే. భారత ప్రభుత్వం ఆమెను ఐక్యరాజ్యసమితిలోని మన కార్యాలయానికి మార్చింది. 2014 జనవరిలో పూర్తి దౌత్య హోదా దక్కాక ఆమె ఇండియా వచ్చేశారు.

ఇక శిక్షణకో సదస్సుకో ప్రభుత్వం తరఫున విదేశం వెళ్లే ఉద్యోగులు. వీళ్లకు తెల్ల అట్ట పాస్‌పోర్టు ఇస్తారు. అది చేతిలో ఉంటే ఎవరూ ముట్టుకోలేరని కొందరి ధీమా. ఆ పాస్‌పోర్టు ఆఫీసు పని మీద వచ్చారని చెబుతుంది, అంతే. అక్కడి ప్రభుత్వం దౌత్య హోదా ఒప్పుకుంటే తప్ప, సిగ్నల్ దాటితే జరిమానా, మనిషిని గుద్దితే కేసు... టూరిస్టుకు ఎలాగో వీళ్లకూ అలాగే.