చెప్పినవారికి దొరికిన సంతోషము



సువార్త చెప్పుట అనగానే మనకు మైకు, షామియానా, దూరమునుండి వచ్చిన ప్రసంగీకుడు జ్ఞాపకమునకు వస్తారు. "అది పాస్టరుగారి పని, మనకు మాటలు రావు" అని తప్పుకుంటాము. తప్పుకున్నప్పుడు పోయేది పని ఒక్కటే కాదు, ఆ పనిలో ఉన్న సంతోషము కూడా పోతుంది. బావియొద్ద ప్రభువుతో మాట్లాడిన సమరయ స్త్రీ కుండను అక్కడే విడిచి ఊరిలోనికి వెళ్లింది (యోహాను 4). ఆమెకు ప్రసంగము చేయుట ఎవరు నేర్పారు?

మన బందరు సంగతే చూడండి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు మిషనరీలు ఇక్కడికి వచ్చారు. ఫాక్స్‌గారు ఊరూరు తిరిగి బోధించారు, ఆరోగ్యము చెడి 1848లో స్వదేశములో మరణించారు. నోబుల్‌గారు 1843లో బడి తెరచి ఒక్కచోటనే కూర్చున్నారు. తొమ్మిదేండ్లకు, 1852లో, ఆ బడి విద్యార్థులు మంచాల రత్నము, ఐనాల భూషణముగార్లు బాప్తిస్మము పొందారు. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయినది. అంకెలు చూచుకొని సంతోషించేవారైతే నోబుల్‌గారు అప్పుడే ఓడ ఎక్కియుందురు. ఆయన ఒక్కసారియైనా ఇంగ్లాండు తిరిగి వెళ్లక, 1865లో బందరులోనే కన్నుమూశారు. ఆ ఇద్దరు విద్యార్థులు గురువులుగా అభిషేకము పొందుట ఆయన కన్నులారా చూచారు.

ఆ బడిలో మాల, మాదిగ పిల్లలకు చోటు లేకపోవుట నేటికిని మనకు బాధ కలిగించే సంగతే. అయితే సువార్త ఆ తలుపు దగ్గర ఆగిపోలేదు. కృష్ణకు ఎగువన రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల పెద్ద ఉండేవాడు. విగ్రహములను విడిచి, పేరైనా తెలియని దేవునికి ఏండ్ల తరబడి ప్రార్థించాడు. డార్లింగ్ దొరగారిని వెదకి కలిసికొని, తాను పిలుచుచున్న దేవుడెవరో తెలిసికొని, 1859లో తనవారితో కూడ బాప్తిస్మము పొందాడు. ఆ తరువాత ఇంట్లో కూర్చోలేకపోయాడు. చుట్టముల ఊళ్లకు వెళ్లి చెప్పాడు. జీతము లేదు, పదవి లేదు. అంతకాలము వెదకినది దొరికినవాడు నోరు మూసుకొని ఉండగలడా? మన డెల్టా పల్లెలలో అనేక సంఘములు ఇట్లే, చుట్టరికము వెంబడి, ఒక వాడనుండి మరియొక వాడకు పుట్టినవి.

ఈ జిల్లా సంఘములు దోర్నకల్ అధ్యక్ష మండలములో ఉన్న రోజులలో బిషప్ అజరయ్యగారు బాప్తిస్మము పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను పలికించేవారు. నాట్లు వేసే కూలీ తల్లి కూడ పలికేది. సాక్ష్యము చదువుకున్నవారి సొత్తు కాదని ఆ చేయి చెప్పేది.

గుడివాడ చుట్టుపట్ల పొలములలో వరుసగా వంగి నాట్లు వేసే అక్కచెల్లెండ్రు పొద్దంతా ఎన్ని సంగతులు మాట్లాడుకుంటారు! కోడలి కాన్పు, అప్పు, పిల్లవాని ఫీజు. ఆ మాటల మధ్య "ప్రార్థన చేసుకున్నాము వదినా, మనసు కుదుటపడింది" అనుట ప్రసంగము కాదు. కాని విన్న వదిన ఒకనాడు "నా కొరకు కూడ చేయండి" అని అడిగిన రాత్రి నిద్రపట్టని సంతోషము ఎట్టిదో అనుభవించినవారికే తెలుసు.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడి వేలమంది ప్రాణములు తీసికొన్నది. అక్కడికి అన్ని మతములవారు పరుగెత్తి వెళ్లారు. శవములు తీశారు, గంజి పోశారు, ఇండ్లు కట్టారు. అట్టి చోట బియ్యము ఒక చేతిలో, షరతు ఒక చేతిలో పట్టుకొని నిలబడితే అది సువార్త కాదు, బేరము. బేరము చేసినవానికి లెక్క మిగులుతుంది, సంతోషము మిగలదు.

దివిసీమలో ఆ రాత్రిని చూచినవారు ఇంకను ఉన్నారు. ఈ నవంబరులో మన స్త్రీల సమాజము, యౌవనస్థులు నాగాయలంక వైపు, కోడూరు వైపు వెళ్లి, అట్టి ముసలివారి ప్రక్కన కూర్చుండి, మొదట వారు చెప్పునది వినండి. "మీరెందుకు వచ్చారమ్మా?" అని వారే అడుగుతారు. అప్పుడు చెప్పండి.