విల్లియనూర్ చెప్పిన పాఠం

ఈమెయిలు చేరినంత మాత్రాన పని జరిగినట్లు కాదు. ఈ సత్యాన్ని పుదుచ్చేరి పట్టణం చెంతనే ఉన్న విల్లియనూర్ పాతికేళ్ల క్రితమే చాటింది. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అక్కడ సమాచార కేంద్రం నెలకొల్పి, పరిసర పల్లెలకు వైర్‌లెస్ రేడియో ద్వారా కంప్యూటర్ సందేశాలు పంపింది. అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో ఉంచిన అలల ఎత్తు అంచనాలు వీరాంపట్టినం జాలర్లకు లౌడ్‌స్పీకర్లలో తమిళంలో వినిపించేవి. సందేశాన్ని అందుకుని, అర్థమయ్యే భాషలో సకాలంలో చెప్పే బాధ్యతను స్థానిక కార్యకర్తలు స్వీకరించడమే ఆ విజయానికి మూలం.

ప్రభుత్వ కార్యాలయాలకూ ఇదే వర్తిస్తుంది. పుదుచ్చేరి సచివాలయానికీ, అదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానానికీ మధ్య దూరం 800 కిలోమీటర్లకు పైమాటే. ఈమెయిలు ఆ దూరాన్ని క్షణంలో దాటగలదు. అయితే బదులివ్వవలసిన అధికారి ఎవరో, గడువు ఎంతో తేల్చకుంటే, బీరువాలో మగ్గిన ఫైలు ఇక కంప్యూటర్‌లో మగ్గుతుంది. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటు కల్పించింది. కనుక ప్రజలకు చేరే సమాచారం తెలుగులోనే ఉండాలి. ప్రతి సందేశానికీ జవాబుదారీని, గడువును నిర్ణయించడం పాలకుల తక్షణ కర్తవ్యం.