ధర్మారం రబ్బరు బొటనవేలు

మన ఐటీ వాళ్ళు నలుగురు ఒకచోట చేరి ప్రైవసీ ఊసెత్తితే చాలు, పావుగంటలో రెండు జట్లయిపోతారు. మొదటి జట్టుకి ఎన్‌క్రిప్షన్ సర్వరోగ నివారిణి. కీ సైజు పెంచితే లోకంలోని కష్టాలన్నీ తీరిపోతాయన్నట్టు మాట్లాడతారు. రెండో జట్టుది ఒకటే పాట: "తప్పు చేయనోడికి భయమెందుకు? నా దగ్గర దాచుకోవడానికేముంది?" ఇక ఉదాహరణలంటారా, ఎంతసేపూ 2013 నాటి స్నోడెను, లేదంటే 2016లో ఆపిల్‌కీ ఎఫ్‌బీఐకీ జరిగిన ఐఫోను తగాదా. వాదనంతా అమెరికాలోనే జరుగుతుంది, వాదించేవాళ్ళు మాత్రం మాదాపూర్‌లో ఉంటారు.

నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది. ఎందుకో చెప్పడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. మా పాత కరీంనగర్ జిల్లాలోనే, 2016లో జిల్లాలు విడగొట్టాక పెద్దపల్లి కిందికి వెళ్ళిన ధర్మారం దాకా వస్తే చాలు.

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. పత్రికల్లో వచ్చింది కానీ రెండ్రోజులకే అందరూ మర్చిపోయారు. పోలీసులు చెప్పిందాని ప్రకారం అతను చేసిందిదీ. సిమ్ములమ్మే కంపెనీ పెట్టిన టార్గెట్లు అందుకోవాలి. సిమ్ యాక్టివేట్ కావాలంటే కొనేవాడి ఆధార్ నంబరు, వేలిముద్ర ఉండాలి. కొనేవాళ్ళు అంతమంది లేరు. అందుకని రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. వాటిలో అమ్మినవాళ్ళవీ కొన్నవాళ్ళవీ వేలిముద్రలున్నాయి, పక్కనే ఆధార్ నంబర్లూ ఉన్నాయి. ఆ ముద్రలతో రబ్బరు స్టాంపులు చేసే మిషన్ మీద రబ్బరు వేళ్ళు తయారుచేశాడు. వాటిని స్కానర్ మీద పెట్టి వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. పత్రికలు రాసిన లెక్క సుమారు 6,000.

మొదటి జట్టు మిత్రులు కాస్త గమనించాలి. ఇక్కడ ఎవరూ ఏ క్రిప్టోగ్రఫీనీ పగలగొట్టలేదు. స్కానర్ మీద వేలు పెట్టగానే ఆ వివరాలు ఏఈఎస్ 256 బిట్ల తాళంతో మూటగట్టబడతాయి. ఆ తాళంచెవిని మళ్ళీ ఆధార్ సంస్థ వారి 2048 బిట్ల పబ్లిక్ కీతో మూస్తారు. దారిలో ఎవడు పట్టుకున్నా చదవలేడు. దాన్ని పగలగొట్టాలంటే మన జీవితకాలం చాలదు. ధర్మారం కుర్రాడికి ఆ అవసరమే రాలేదు. రబ్బరు వేలు పెడితే, మన ఘనమైన క్రిప్టోగ్రఫీ ఆ దొంగ వేలినే భద్రంగా మూటగట్టి, ఎవరికీ కనపడకుండా, ఒక్క బిట్టు కూడా మారకుండా సర్వరుకి చేరవేసింది. సర్వరు సరిచూసి, "అవును, ఈయనే" అంది. తప్పు గణితంలో లేదు. ఊరందరికీ కనిపించేదాన్ని రహస్యం అనుకోవడంలో ఉంది.

మనం రాసే ఏ అప్లికేషన్‌లోనైనా యూజర్‌నేమ్ వేరు, పాస్‌వర్డు వేరు. మొదటిది "నేను ఫలానా" అని చెబుతుంది. రెండోది దాన్ని రుజువు చేస్తుంది. పాస్‌వర్డు బయటపడితే మార్చుకుంటాం. దాన్ని హాష్ చేసి దాస్తాం కాబట్టి డేటాబేస్ పోయినా అసలుది అంత తేలిగ్గా దొరకదు. వేలిముద్ర విషయంలో ఈ రెండూ కుదరవు. వేలు పెట్టిన ప్రతిసారీ ముద్ర కొద్దిగా తేడాగా పడుతుంది. అందుకే "అచ్చంగా ఇదేనా" అని కాకుండా "దీనికి దగ్గరగా ఉందా" అని పోల్చాలి. అక్కడ మామూలు హాష్ పనికిరాదు. ఇక మార్చుకోవడం అంటారా, ఉన్నవి పదే వేళ్ళు. పోనీ రహస్యమా అంటే, తాగిన టీ గ్లాసు మీద, తీసిన తలుపు మీద రోజంతా అంటించుకుంటూ తిరుగుతాం.

ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 2002లోనే జపాన్‌లో మత్సుమోతో అనే ప్రొఫెసరు జెలటిన్‌తో వేళ్ళు చేసి 11 రకాల స్కానర్లను బోల్తా కొట్టించి చూపించాడు. 2008లో జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్ళు అప్పటి హోం మంత్రి ష్యోబ్లె గారు తాగిన గ్లాసు మీది వేలిముద్ర సంపాదించి, ఏకంగా తమ పత్రికతోపాటు పంచిపెట్టారు. అంటే ధర్మారం సంఘటనకి పదహారేళ్ళ ముందే ఈ బగ్ రిపోర్టయింది. మన భాషలో చెప్పాలంటే "విల్ నాట్ ఫిక్స్" అని టికెట్ మూసేశారు.

మరి ఆ ముద్రలు వెబ్‌సైట్లోకి ఎలా వచ్చాయి? ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. దస్తావేజు మీద ఫోటో, వేలిముద్రలు ఉండాలన్నది రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ సెక్షన్. 2001 సవరణతో వచ్చింది. ఒకరి భూమిని ఇంకొకరు అమ్మేయకుండా పెట్టిన మంచి నియమం. ఇక అదే చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల్ని ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఇదీ మంచిదే. కొనబోయే జాగా ఎవరి పేరు మీదుందో చూడకుండా ఎవరు కొంటారు? ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించినప్పుడు మనమంతా గర్వపడ్డాం కూడా.

తమాషా ఏంటంటే ఆధార్ చట్టంలోనూ ఒక 57వ సెక్షన్ ఉండేది. ప్రైవేటు కంపెనీలు ఆధార్‌ని వాడుకోడానికి దారిచ్చింది అదే. ఒక 57 వేలిముద్రని బజార్లో పెట్టింది, ఇంకో 57 ఆ వేలిముద్రతో సిమ్ము ఇమ్మంది. విడివిడిగా చూస్తే రెండూ సబబుగానే కనిపిస్తాయి. రెండు సిస్టమ్‌లు రాసిన రెండు టీములు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఏమవుతుందో మనకి తెలియనిదా? 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టంలో ప్రైవేటు కంపెనీలకి దారిచ్చిన ఆ భాగాన్ని కొట్టేసింది. 2019లో చట్ట సవరణ చేసి "స్వచ్ఛందంగా" అనే మాటతో సిమ్ములకీ బ్యాంకు ఖాతాలకీ మళ్ళీ దారి తెరిచారు. కౌంటర్ దగ్గర నిలబడ్డ సామాన్యుడికి "స్వచ్ఛందం" అంటే ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు రెండో జట్టు దగ్గరికి వద్దాం. "దాచుకోవడానికేముంది" అనేవాళ్ళని ఒకటే అడుగుతాను. బిడ్డ పెళ్ళికి అర ఎకరం అమ్మి దస్తావేజు మీద వేలు వేసిన రైతు ఏం దాచుకున్నాడు? ఏమీ లేదు. చట్టం వేలు పెట్టమంది, పెట్టాడు. నంబరు రాయమంది, రాశాడు. దాచుకోలేదు కాబట్టే దొరికిపోయాడు. ఆయన పేరు మీద తీసిన సిమ్ము ఎవరి చేతికి పోతుందో, దాంతో ఎవరికి బెదిరింపు ఫోన్లు వెళ్తాయో ఆయనకి తెలీదు. రేపు పోలీసులొచ్చి "ఈ నంబరు నీదే, నీ వేలే సాక్ష్యం" అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. కంప్యూటరు అబద్ధం చెప్పిందని సర్పంచికి కూడా నచ్చజెప్పలేడు. "గరీబోని దగ్గర ఏముంటది సార్ దొంగలు ఎత్కపోను" అని మా వైపు పెద్దలు అంటుంటారు. ఇప్పుడు ఎత్తుకుపోతున్నది ఆ గరీబోని వేలినే.

సిమ్ముతో ఆగిందా? లేదు. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ను లేదు, ఓటీపీ లేదు. 2023 నాటికి బెంగాల్‌లోనూ కర్ణాటకలోనూ దస్తావేజుల నుంచి తీసిన ముద్రలతో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు వరసగా బయటపడ్డాయి. ఆ ఫిబ్రవరిలోనే ఆధార్ సంస్థ స్కానర్ మీదున్నది బతికున్న వేలా కాదా అని పసిగట్టే కొత్త పద్ధతి తెచ్చింది. మంచిదే. కానీ ధర్మారం కేసు నుంచి అప్పటికి నాలుగున్నరేళ్ళు గడిచిపోయాయి.

ఇక్కడ అవతలి పక్షం మాట కూడా చెప్పకపోతే అన్యాయం. వేలిముద్రలతో మేలే జరగలేదా అంటే జరిగింది, అదీ మన పక్కనున్న ఆదిలాబాద్‌లోనే. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్ కార్డుల మీద ఇచ్చినప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో పెద్ద అధ్యయనం చేశారు. అందులో ఆదిలాబాద్ ఒకటి. 2016లో అచ్చయింది. కూలీ త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది, వాడినవాళ్ళలో 90 శాతం పైగా పాత పద్ధతి కన్నా ఇదే నయమన్నారు. పోస్టాఫీసు చుట్టూ వారాల తరబడి తిరిగిన కూలీకి ఊళ్ళోనే చేతికి డబ్బు రావడం చిన్న విషయం కాదు. ప్రైవసీ పేరు చెప్పి దీన్ని కొట్టిపారేసేవాళ్ళతో నేను లేను.

అయితే ఆ పథకంలో ఒక వివరం చాలామంది గమనించరు. కార్డు లేకపోతే డబ్బు ఆపేయాలన్న పట్టుదల అక్కడ లేదు. పాత దారి కూడా తెరిచే ఉంచారు. అధ్యయనం నాటికి సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. మళ్ళీ వాళ్ళే జార్ఖండ్‌లో రేషనుకి ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినదాన్ని పరిశీలిస్తే, అర్హులైనవాళ్ళలోనే కొందరు బియ్యం పోగొట్టుకున్నారని తేలింది. ఒకటే వేలు, ఒకటే టెక్నాలజీ. తేడా అంతా, యంత్రం "కాదు" అన్నప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదాంట్లో ఉంది. బీడీలు చుట్టీ చుట్టీ, మట్టి పనిచేసీ ముద్రలు అరిగిపోయిన వేళ్ళు మా వైపు కొల్లలు. వాళ్ళ అసలు వేలిని యంత్రం కాదంటుంది. దొంగ చేసిన రబ్బరు వేలు నున్నగా, స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఔనంటుంది. ఇంతకన్నా ఘోరం ఉందా?

చట్టం చూసుకుంటుందిలే అనుకుంటే అదీ అంతంత మాత్రమే. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలూ వచ్చాయి. కానీ ఏదైనా చట్టం ప్రకారం బహిరంగపరచక తప్పని సమాచారానికి ఈ చట్టం వర్తించదని అందులోనే రాసుంది. దస్తావేజు దాని కిందికే వస్తుందని రేపొక ప్లీడరు వాదిస్తే ఆశ్చర్యపోను. అంటే అన్నిటికన్నా రక్షణ కావాల్సిన కాగితమే గొడుగు బయట నిలబడే ప్రమాదం ఉంది.

సరే, ఏం చేయాలి? నా మటుకు నాకు తోచినవి చెబుతాను. ఒకటి, దస్తావేజు జనానికి చూపించండి, వేలిముద్ర మీదా ఆధార్ నంబరు మీదా మసి పూయండి. అసలు కాపీ సబ్ రిజిస్ట్రార్ దగ్గరుంటే చాలు. ఇది రాకెట్ సైన్సు కాదు. రెండు, వేలిముద్రని యూజర్‌నేమ్‌గానే వాడండి. డబ్బు కదిలే చోట, మార్చుకోగలిగిన ఇంకో రుజువు తప్పకుండా అడగండి. మూడు, ఆ రెండో రుజువు స్మార్ట్‌ఫోను ఉన్నవాడికే పరిమితం కాకూడదు. 2018లో వర్చువల్ ఐడీ తెచ్చారు, బయోమెట్రిక్ లాకూ ఉంది. ఆ లాకు వేసుకోవాలంటే ఆధార్‌కి జతచేసిన మొబైల్ చేతిలో ఉండాలి. అది లేని ముసలమ్మకి తాళం ఎవరు వేసిపెడతారు? నాలుగు, యంత్రం కాదన్నప్పుడు మనిషి చేత్తో సరిచూసి ఇచ్చే దారి మూయకండి.

ఇవి ఎవరో రాసే సిస్టమ్‌లు కావు, మనమే రాస్తున్నాం. టెండరు మన కంపెనీకే వస్తుంది, డిజైన్ రివ్యూలో మనమే కూర్చుంటాం. "వేలిముద్ర లీకైతే యూజర్ దాన్ని ఎలా మార్చుకుంటాడు?" అని ఆ మీటింగులో ఒక్కరు అడిగితే చాలు, సగం చర్చ దారిలో పడుతుంది. వాదనలు ఎన్నయినా చేసుకుందాం, నాకూ సరదాయే. కానీ ముందు ఈ ఆదివారం మీ ఆధార్ బయోమెట్రిక్స్‌కి లాకు వేసుకోండి. వేసుకున్నాక ఊరికి ఫోన్ చేసి, అమ్మకీ నాన్నకీ ఉందో లేదో కనుక్కోండి. వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు భూమి కొనో అమ్మో ఉంటే, ఆ కాగితం ఇప్పుడు ఎవరి కంప్యూటర్లో ఉందో మనకి తెలీదు కదా.